గుల్లలు, పీతల్లో కాడ్మియం, సీసం, ఆర్సెనిక్: రిపోర్టులోని అంకెను పళ్ళెం దాకా తెచ్చి లెక్కేయడం ఎలా?

#1 · ఉప్పుటేరు

అందరికీ నమస్కారం. కాకినాడ, భీమిలి తీరంలో గుల్లలు, పీతల నమూనాలు తీసే కుర్రాళ్ళ కోసం ఒక చేతిపుస్తకం తయారవుతోంది. "రిపోర్టు చేతికొచ్చాక ఏం చేయాలి" అన్న అధ్యాయం దగ్గర పని ఆగింది. లెక్క నేర్పడానికి ఒక మాదిరి వరస వేసుకున్నాం. ఇవి ఏ రేవులోని అంకెలూ కావు, అభ్యాసం కోసమే.

గుల్ల మాంసం: కాడ్మియం 0.9, సీసం 1.1, మొత్తం ఆర్సెనిక్ 8 (అన్నీ కిలోకి మిల్లీగ్రాములు).
పీత డొప్ప కింద పసుపు ముద్ద: కాడ్మియం 4.

ముగ్గురు ముగ్గురు రకాలుగా చెబుతున్నారు. ఒకరు, ఐరోపా హద్దు గుల్లలకు కాడ్మియం 1.0 కదా, 0.9 అంటే పాసే అన్నారు. ఇంకొకరు పరిశోధనా పత్రాల్లో వాడే సూత్రంతో ఆర్సెనిక్‌కి ప్రమాద సూచిక (ఒంట్లోకి వెళ్ళే మోతాదును సురక్షిత మోతాదుతో భాగిస్తే వచ్చేది) 9.5 తెచ్చారు. అది 1 దాటితేనే ముప్పు అంటారు కాబట్టి, గుల్లలు తినొద్దని రాయాలన్నారు. మూడో ఆయన, ఒక రాత్రి ఉప్పునీళ్ళలో నానబెడితే అంతా పోతుందన్నారు. మనిషి 60 కిలోలు, వారానికి ఒకసారి 150 గ్రాముల గుల్ల మాంసం తింటాడని పెట్టుకున్నాం. తెలిసినవాళ్ళు ఎక్కడ తప్పో చెప్పగలరా?

#2 · ల్యాబ్_బల్ల

ఉప్పుటేరు గారూ, ముగ్గురూ అసలు ప్రశ్న అడగలేదండి. ఆ 0.9 పొడి బరువు మీదా, తడి బరువు మీదా?

ల్యాబులో చాలావరకు మాంసాన్ని ఎండబెట్టి, పొడి చేసి, ఆమ్లంలో కరిగిస్తారు (దీన్నే అరిగించడం అంటాం). కాబట్టి వచ్చే అంకె పొడి బరువుది. చట్టాల్లోని హద్దులన్నీ తడి బరువు మీదే ఉంటాయి, మనిషి తినేదీ తడి మాంసాన్నే. గుల్ల మాంసంలో 80 శాతం పైనే నీళ్ళుంటాయి. 10 గ్రాముల పచ్చి మాంసం 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంతవరకు ఎండితే 1.8 గ్రాములు మిగిలిందనుకోండి, గుణకం 0.18. అప్పుడు మీ వరస ఇలా మారుతుంది:

కాడ్మియం 0.9 × 0.18 = 0.162
సీసం 1.1 × 0.18 = 0.198
ఆర్సెనిక్ 8 × 0.18 = 1.44

ఐరోపా సమాఖ్య హద్దు రెండు చిప్పల జీవులకు కాడ్మియం 1.0, సీసం 1.5. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కాడ్మియానికి 2 ఇచ్చింది, అయితే అందులోంచి ఆయిస్టర్లు, స్కాలప్‌లను మినహాయించింది. వీటి పక్కన పెట్టాల్సింది 0.162ని, 0.9ని కాదు. అదే 0.9 తడి బరువు అంకె అయ్యుంటే పరిస్థితి పూర్తిగా వేరు. అందుకే రిపోర్టులో "తడి / పొడి" అన్న మాటా, తేమ శాతమూ లేకపోతే ఆ కాగితం మీద ఏ లెక్కా చేయొద్దని చేతిపుస్తకంలో పెద్ద అక్షరాల్లో రాయండి. ల్యాబుకి ఫోన్ చేసి అడగాల్సిందే, ఊహించి 5తో భాగించకూడదు. గుడ్లు పెట్టాక చిక్కిన గుల్లలో తేమ ఒకలా ఉంటుంది, కండపట్టిన గుల్లలో ఒకలా ఉంటుంది.

తేమ కోసం వాడిన ముక్కను లోహాల పరీక్షకు వాడకండి. పాదరసం ఆవిరయ్యే గుణమున్నది, 105 డిగ్రీల్లో కొంత ఎగిరిపోతుంది. లోహాలకు ఫ్రీజ్ డ్రయ్యర్‌లో (గడ్డకట్టించి నీటిని లాగేసే యంత్రం) ఎండబెట్టినదే తీసుకోవాలి.

#3 · పళ్ళెం_లెక్క

ల్యాబ్_బల్ల గారు తెచ్చిన 0.162 నుంచి మొదలుపెడతాను.

150 గ్రాముల మాంసంలో కాడ్మియం: 0.162 × 150 = 24.3 మైక్రోగ్రాములు.

దీన్ని కొలవడానికి మూడు కొలబద్దలున్నాయి. మూడూ ఒకటి కావు. ఈ ముక్క వలంటీర్లకు తప్పకుండా చెప్పండి.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో పెట్టినది: వారానికి కిలో శరీర బరువుకు 2.5 మైక్రోగ్రాములు. 60 కిలోలకు 150. మన గుల్లల వాటా 16 శాతం.

ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2010లో పెట్టినది: నెలకు కిలోకి 25. 60 కిలోలకు 1500. నాలుగు వారాలకు 97 మైక్రోగ్రాములు, అంటే ఆరున్నర శాతం.

అమెరికా పర్యావరణ సంస్థది: ఆహారంలో రోజుకు కిలోకి 1 మైక్రోగ్రాము. దీని ప్రకారం సూచిక 0.058.

నెల మీద లెక్క ఎందుకు కట్టారంటే, కాడ్మియం మూత్రపిండంలో చేరి పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళు ఉంటుంది. ఒక పూట ఎక్కువైందా తక్కువైందా అన్నది పెద్ద విషయం కాదు, ఏళ్ళ తరబడి చేరిన మొత్తమే లెక్క. చివరికి దెబ్బతినేవి వడపోశాక మంచి పదార్థాన్ని వెనక్కి పీల్చుకునే సన్నని గొట్టాలు. దెబ్బతిన్న తొలిదశలో ఏ నొప్పీ ఉండదు, మూత్రంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే చిన్న ప్రొటీన్ పెరగడమే గుర్తు.

16 శాతం అనగానే మిగతా 84 ఖాళీగా ఉందనుకోవద్దు. బియ్యం, ఆకుకూరలు, దుంపలు కూడా ఆ 150లోంచే తింటాయి.

#4 · ల్యాబ్_బల్ల

ఇప్పుడు ఆర్సెనిక్. 9.5 ఎలా వచ్చిందో చూద్దాం. వారానికి 150 గ్రాములంటే రోజుకు 21.4 గ్రాములు. 8 × 0.0214 = 0.171 మిల్లీగ్రాములు. 60తో భాగిస్తే 0.00286. దాన్ని ఎన్నాళ్ళుగానో వాడుతున్న సురక్షిత మోతాదు 0.0003తో భాగిస్తే 9.5.

మొదటి తప్పు: పొడి బరువు అంకెను తడి మాంసం తూకంతో గుణించారు. 1.44 వేస్తే 1.7కి దిగుతుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఆ 0.0003 అకర్బన ఆర్సెనిక్‌ది, అంటే బోరు నీళ్ళలో ఉండే రకానిది. సముద్ర జీవుల్లో ఆర్సెనిక్ చాలావరకు ఆర్సెనోబీటైన్ రూపంలో ఉంటుంది. అది తిన్నది తిన్నట్టే మూత్రంలో పోతుంది, విషం కాదు. గుల్లల్లో అకర్బన వాటా సాధారణంగా పదో వంతు లోపు, తరచూ ఒకటి నుంచి మూడు శాతం. 3 శాతం వేస్తే సూచిక 0.05. అవే గుల్లలు, అదే మనిషి: 9.5 ఎక్కడ, 0.05 ఎక్కడ!

అయితే ఆ 0.0003ని అమెరికా సంస్థ 2025లో అయిదో వంతుకు, 0.00006కి దించింది. దానితో చూస్తే 0.26. కాబట్టి ఏ సంవత్సరపు విలువ వాడారో పక్కన రాయాలి.

"3 శాతం" అన్నది కూడా కళ్ళు మూసుకుని వాడే అంకె కాదు. నార్వే ఫ్యోర్డుల్లోని (సన్నని సముద్రపు పాయలు) కొన్ని నీలి మస్సెళ్ళలో (ఆల్చిప్పల రకం) అకర్బన ఆర్సెనిక్ అసాధారణంగా ఎక్కువ ఉన్నట్టు 2008లో బయటపడింది. మొత్తం ఆర్సెనిక్ మామూలు కన్నా బాగా ఎక్కువ కనిపిస్తే ఆ నమూనాను లిక్విడ్ క్రొమటోగ్రఫీ జోడించిన ఐసీపీ-ఎంఎస్‌కి (లోహాలను అణు ద్రవ్యరాశిని బట్టి లెక్కించే యంత్రం) పంపి, రూపాలను విడదీయించాలి.

#5 · పళ్ళెం_లెక్క

దానికి ఒక పోలిక చేర్చుతాను, ఎందుకంటే గుల్లల మీద భయం పెట్టి అసలు దారిని వదిలేస్తున్నాం. పై లెక్కలో గుల్లల నుంచి అకర్బన ఆర్సెనిక్ రోజుకు కిలో శరీర బరువుకు 0.015 మైక్రోగ్రాములు. ఇప్పుడు బియ్యం చూడండి. పాలిష్ బియ్యానికి కోడెక్స్ హద్దు కిలోకి 0.2 మిల్లీగ్రాములు. అందులో సగమే, 0.1 ఉందనుకుందాం. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకునే మనిషికి 30 మైక్రోగ్రాములు, కిలోకి 0.5. అంటే గుల్లల కన్నా ముప్ఫై రెట్లు పైన. ఐరోపా సంస్థ 2024లో ఆధార మోతాదును (హాని కనిపించడం మొదలయ్యే స్థాయిని) రోజుకు కిలోకి 0.06 మైక్రోగ్రాములకు దించింది. అన్నం తినే ఇళ్ళల్లో ఆ అంకె దాటేది అన్నంతోనే. ఎక్కువ నీళ్ళలో వండి గంజి వార్చితే కొంత తగ్గుతుంది, ఆ వండే నీళ్ళు ఆర్సెనిక్ లేనివైతేనే.

చేతిపుస్తకంలో ఆర్సెనిక్ పేరు చెప్పి గుల్లలు మానిపించొద్దు. తీరంలోని పేద ఇంటికి చౌకగా దొరికే జింకు, ఇనుము, బీ12 అవి.

#6 · గుల్లతీరం

నానబెట్టడం గురించి నేను చెబుతాను.

గుల్ల నీటిని వడపోసుకుని బతుకుతుంది. దాని పేగులో ఎప్పుడూ కాస్త బురద ఉంటుంది. ఆ బురదలో ఇనుము, అల్యూమినియం, కొంత సీసం, క్రోమియం ఉంటాయి. శుభ్రమైన ఉప్పునీటిలో 24 గంటలుంచితే పేగులోది బయటకు తోసేస్తుంది. ఇసుక పళ్ళ కింద పడదు, దానితో పాటు బురదకు అంటుకున్న లోహం పోతుంది. అంతవరకే. కాడ్మియం కండలోనూ జీర్ణగ్రంథిలోనూ మెటల్లోథయోనీన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఉంటుంది. అది కదలడానికి వారాలు, నెలలు కావాలి. ఆయిస్టర్లను శుభ్రం చేసే కేంద్రాల్లో అల్ట్రావయొలెట్ కాంతితో శుద్ధి చేసిన నీటిలో ఒకటి రెండు రోజులుంచడం బ్యాక్టీరియా కోసం పెట్టిన పద్ధతి, లోహాల కోసం కాదు.

ఇంట్లో నానబెట్టేటప్పుడు మంచినీళ్ళు పోస్తే గుల్ల మూసుకుంటుంది, ఏమీ కక్కదు. లీటరు నీటికి సుమారు 30 గ్రాముల కల్లుప్పు వేయాలి. ఏటిమొగలో తీసిన గుల్లలకు అంత ఉప్పు అక్కర్లేదు, వీలైతే తీసిన చోటి నీళ్ళే తేరబెట్టి వాడాలి. వెడల్పాటి పళ్ళెంలో ఒకే వరసగా, కింద జల్లెడ పెట్టి పరచాలి, కక్కిన బురదను మళ్ళీ పీల్చకుండా. లోతు గిన్నెలో కుప్ప పోస్తే అడుగువి ఊపిరాడక చస్తాయి. తట్టినా మూసుకోనిదాన్ని పారేయాలి.

ఇక నమూనా తీసేటప్పుడు కక్కించాలా వద్దా? నీటి కాలుష్యం ఏ ఏడాదికి ఎలా మారుతోందో చూడాలంటే కక్కించాలి, లేకపోతే కొలిచేది బురదను.

#7 · ల్యాబ్_బల్ల

ఇక్కడ కొంచెం విభేదిస్తాను, గుల్లతీరం గారూ. తినేవాళ్ళకు ముప్పు తేల్చాలంటే జనం ఎలా తింటారో అలాగే కొలవాలి. బజారులో కొని, రెండుసార్లు కడిగి వండేసే ఇల్లు అయితే, కక్కించిన నమూనా సీసాన్ని తక్కువ చూపిస్తుంది. నా మాట: ఒకే తీతలోంచి రెండు గుంపులు చేయండి. ఒకటి కక్కించి, ఒకటి కొన్నది కొన్నట్టుగా. రెండిటి మధ్య సీసం తేడానే "నానబెట్టండి" అన్న సలహాకి సాక్ష్యం.

#8 · గుల్లతీరం

ఒప్పుకుంటాను. రెండు గుంపులు సరైన దారి. ఒక్క షరతు: ఒక్కో గుంపులో ఒకే సైజువి 25, 30 ఉండాలి, చోటుకు కనీసం మూడు గుంపులు. పెద్దవీ చిన్నవీ కలిపితే తేడా వయసుదా చోటుదా అన్నది తేలదు. తీసిన తేదీ, ఆ నీటి ఉప్పదనం రాసుకోవాలి.

ఉప్పదనం ఎందుకంటే, సముద్రపు నీటిలో కాడ్మియం ఎక్కువగా క్లోరైడ్‌తో జట్టు కట్టి ఉంటుంది. గోదావరి వరద నీళ్ళు దిగి ఉప్పు తగ్గితే ఆ జట్టు విడిపోయి విడి అయాన్ వాటా పెరుగుతుంది. గుల్ల తేలిగ్గా పీల్చేది దాన్నే. పైగా నది మోసుకొచ్చిన ఒండ్రు రేణువుల మీది కాడ్మియం ఉప్పునీరు తగలగానే ఊడి నీటిలో కలుస్తుంది. ఒకే ఏటిమొగలో మొగ దగ్గరి గుల్లకీ, రెండు కిలోమీటర్ల లోపలి గుల్లకీ అంకె తేడా వచ్చేది అందుకే. అక్కడ ఫ్యాక్టరీ కోసం వెతికేముందు ఉప్పదనం మీటరు చూడండి.

కోరంగి మడల దగ్గర, కాకినాడ అఖాతంలో దొరికే రక్తపు గుల్ల, అంటే కోస్తే ఎర్ర రసం కారేది, వేరే గుంపుగా పెట్టాలి. దాని రసంలో హీమోగ్లోబిన్ ఉంది, ఇనుము సహజంగానే ఎక్కువ. దాన్ని కాలుష్యం అని రాయకూడదు.

#9 · ల్యాబ్_బల్ల

కోత బల్ల దగ్గరే సగం తప్పులు జరుగుతాయి కాబట్టి ఆ భాగం నేను రాస్తాను, కాపీ చేసుకోండి.

స్టీలు కత్తితో కోస్తే క్రోమియం, నికెల్ కత్తివే వస్తాయి. సిరామిక్ లేదా ప్లాస్టిక్ బ్లేడు వాడాలి. పౌడరు పూసిన గ్లవ్స్ వేసుకుంటే జింకు ఆ పౌడరుదే. పౌడరు లేని నైట్రైల్ గ్లవ్స్ తీసుకోండి. డబ్బాలు 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో ఒక రాత్రి నానబెట్టి, అయాన్లు తీసిన నీటితో మూడుసార్లు కడగాలి. చిప్ప తెరిచాక మాంసాన్ని ప్లాస్టిక్ జల్లెడ మీద 5 నిమిషాలు వార్చాలి. లోపలి నీళ్ళు కూరలో పోసుకునే అలవాటుంటే వాటిని విడిగా పట్టి, తూచి, విడిగా పరీక్షించాలి.

అరిగించడం: ఎండిన పొడి 0.5 గ్రాము, గాఢ నైట్రిక్ 7 మిల్లీలీటర్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 మిల్లీలీటరు. మూత బిగించేముందు పావుగంట తెరిచి ఉంచండి, కొవ్వు ఎక్కువున్న పీత ముద్ద మొదట్లోనే పొంగుతుంది. మైక్రోవేవ్‌లో నెమ్మదిగా 200 డిగ్రీలకు ఎక్కించి 15, 20 నిమిషాలుంచాలి. చల్లారాకే తెరిచి 50 మిల్లీలీటర్లకు నింపాలి. అప్పుడు యంత్రం లీటరుకు 9 మైక్రోగ్రాములు చూపిస్తే, మీ 0.9 వస్తుంది: 9 × 0.05 ÷ 0.5. రిపోర్టు అంకెను ఇలా వెనక్కి లెక్కగట్టి చూడటం వలంటీర్లకు నేర్పండి, పలుచన గుణకం మరిచిపోయిన రిపోర్టులు అప్పుడే పట్టుబడతాయి.

ఐసీపీ-ఎంఎస్‌లో సముద్ర నమూనాలకు ఉప్పు పెద్ద చిక్కు. ఆర్గాన్, క్లోరిన్ కలిసి ద్రవ్యరాశి 75 దగ్గర కూర్చుంటాయి, అది ఆర్సెనిక్ స్థానం. లేని ఆర్సెనిక్ కనిపిస్తుంది. అలాంటి జోడీలను వడగట్టే హీలియం సెల్ ఆన్ చేయాలి. కాడ్మియానికి ద్రవ్యరాశి 111 వాడితే మాలిబ్డినం ఆక్సైడ్ అడ్డొస్తుంది, 114 వాడితే తగరం కూడా అడ్డొస్తుంది. రెండిటితోనూ కొలిచి అంకెలు కలుస్తున్నాయా చూడాలి.

ప్రతి విడతలో ఖాళీ సీసాలు (మాంసం వేయకుండా ఆమ్లాలు మాత్రమే పోసినవి) మూడు, ధ్రువీకరించిన నమూనా (లోహం ఎంతుందో ముందే తేల్చినది) ఒకటి తప్పనిసరి. గుల్లలకు ఎన్‌ఐఎస్‌టీ 2976 మస్సెల్ పొడి, పీత ముద్దకు లాబ్‌స్టర్ జీర్ణగ్రంథితో చేసిన టార్ట్-3 సరిపోతాయి. గుల్లల కోసం చేప కండ నమూనా పెట్టి "రికవరీ బాగుంది" (తేల్చిన అంకెకు మన అంకె దగ్గరగా వచ్చింది) అంటే ఒప్పుకోవద్దు. ఆ లోహాల స్థాయే వేరు.

#10 · మండపీత

పీతల విషయంలో ఇంకా ఎవరూ నోరెత్తలేదు. నా దృష్టిలో ఈ వరసలో అసలు భయపడాల్సిన అంకె ఆ 4 ఒక్కటే.

ఐరోపా హద్దు పీతకు కాడ్మియం 0.5. కానీ అది కాళ్ళు, గోళ్ళలోని తెల్ల మాంసానికే. డొప్ప కింది ముద్దకు ఆ హద్దు వర్తించదు. చట్టం కొలవని చోటే కాడ్మియం కూడబెట్టుకుంటుంది. ఆ ముద్ద పీతకు కాలేయం, క్లోమం రెండూ.

ఆడపీత డొప్ప తీస్తే రెండు రంగులు కనిపిస్తాయి. నారింజ రంగులో, గట్టిగా, ఉడికితే కోడిగుడ్డు సొనలా పొడిపొడిగా విరిగేది గుడ్డు. దాని పక్కన పసుపు, ఆకుపచ్చ, గోధుమ మధ్య రంగులో, వేలికి వెన్నలా అంటుకునే మెత్తని ముద్ద జీర్ణగ్రంథి. ఇళ్ళల్లో రెండింటినీ "కొవ్వు" అనేసి, మంచి బలమని పిల్లలకు పెడతారు. రెండూ ఒకటి కాదు. తీయాల్సింది మెత్తని ముద్దని.

లెక్క: ముద్ద 30 గ్రాములు, కాడ్మియం తడి బరువు మీద 4 అయితే 120 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి వారపు మోతాదులో 80 శాతం, ఒక్క పీతతో. 15 కిలోల పిల్లకైతే వారపు మోతాదు 37.5 మాత్రమే. ఒక్క ముద్దతో మూడు వారాలకు పైగా సరిపడా లోపలికెళ్తుంది.

వంటలో జరిగేది కూడా చెప్పాలి. పీతను నిండుగా ఉడకబెడితే ముద్దలోని కాడ్మియం కాళ్ళ మాంసంలోకీ, ఉడికిన నీటిలోకీ పాకుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి కరిగించినా లోపలి పొరలు చిట్లి అదే జరుగుతుంది. మనవాళ్ళు పులుసుకి పచ్చి పీతనే డొప్ప తీసి, మొప్పలు పీకి, రెండుగా విరిచి కడుగుతారు. అది మంచి పద్ధతి. ఆ దశలోనే ముద్దను చెంచాతో గీకేసి, ధారగా నీళ్ళు పోసి కడిగితే చాలు. ముద్దతో సహా కాళ్ళు దంచి పిండే రసానికి మాత్రం ఈ సలహా లేకుండా వంటకం రాయొద్దు.

#11 · హడ్సన్_ఒడ్డు

న్యూజెర్సీ, న్యూయార్క్‌లో వేసవిలో నీలి పీతలు పట్టే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది చేర్చుతున్నా. మండపీత గారు చెప్పినదే న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ సలహాలో ఉంది: పీత, లాబ్‌స్టర్‌లలోని ఆ మెత్తని ముద్ద తినొద్దు, ఉడికించిన నీళ్ళు పారబోయండి. కారణాలుగా పీసీబీలు, డయాక్సిన్‌లు అనే విష రసాయనాలతో పాటు కాడ్మియం పేరూ ఉంటుంది. హడ్సన్ ఒడ్డున కోల్డ్ స్ప్రింగ్ దగ్గర ఫౌండ్రీ కోవ్‌లోకి నికెల్-కాడ్మియం బ్యాటరీల కర్మాగారం 1952 నుంచి 1979 దాకా వ్యర్థం వదిలింది. అడుగు బురదను తవ్వి తీసే పని 1990ల మధ్యలో గానీ పూర్తి కాలేదు. న్యూవార్క్ అఖాతం వైపు డయాక్సిన్ వల్ల పీతలు పట్టడమే నిషేధం. అక్కడ ముద్ద తీసేసినా తినకూడదు. మన పులుసు అలవాటులో నీళ్ళు పారబోయడం ఉండదు కదా, కాబట్టి అక్కడివాళ్ళు ముందే శుభ్రం చేసి, అప్పుడే పొయ్యి మీద పెట్టాలి.

#12 · ఉప్పుటేరు

చాలా థాంక్స్ అండి, అధ్యాయం రూపం మారిపోయింది. ఇంకో మూడు సందేహాలు. సీసానికి ఏ మోతాదు వాడాలి? పాత పుస్తకాల్లో వారానికి కిలో శరీర బరువుకు 25 మైక్రోగ్రాములు అని ఉంది. అందరికంటే ఎవరికి ముందు చెప్పాలి? ఎండు రొయ్యలను ఇందులో ఎలా కలపాలి?

#13 · పళ్ళెం_లెక్క

ఆ 25ని నిపుణుల సంఘం 2010లోనే వెనక్కి తీసుకుంది. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని తేలింది. ఇప్పుడు చేసేది: పిల్లల మెదడుకు ఆధార మోతాదు రోజుకు కిలోకి 0.5 మైక్రోగ్రాములు, దానికి మనం ఎంత దూరంలో ఉన్నామో చూడటం. 15 కిలోల పిల్ల వారానికి 50 గ్రాముల గుల్ల మాంసం తింటే, 0.198 చొప్పున దాదాపు 10 మైక్రోగ్రాములు. రోజుకు కిలోకి 0.095. దూరం 5 రెట్లు. 10 రెట్లుంటే నిశ్చింత. 5 అంటే కంగారు కాదు, అయినా తగ్గించదగినది. బురద కక్కించడం అక్కడే అక్కరకొస్తుంది. మరో దారి వంటపాత్ర: తుక్కు కరిగించి పోతపోసిన అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు కాచితే సీసం గిన్నెలోంచే దిగుతుంది. గుల్లను నిందించేముందు గిన్నెను చూడాలి. స్టీలు గిన్నె వాడాలి, మట్టి పాత్ర అయితే మెరుగుపెట్టనిది.

ముందు చెప్పాల్సింది ఎవరికంటే, ఇనుము తక్కువున్న ఆడవాళ్ళకు, చిన్నపిల్లలకు. పేగులో ఇనుమును లోపలికి తీసుకునే ద్వారం కాడ్మియానికి కూడా తలుపు తీస్తుంది. ఒంట్లో ఇనుము తగ్గితే ఆ ద్వారాలు పెరుగుతాయి, కాడ్మియం ఎక్కువ లోపలికెళ్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో సగం మందికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. వాళ్ళకు ఐరన్ మాత్రలు అందించడం కూడా కాడ్మియం నివారణే.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్ళున్నారు. పొగాకు ఆకు మట్టిలోంచి కాడ్మియం బాగా లాగుతుంది. పొగ తాగేవాళ్ళ ఒంట్లో కాడ్మియం, తాగనివాళ్ళకు దాదాపు రెట్టింపు. సర్వే ఫారంలో పొగ ప్రశ్న లేకపోతే మూత్రంలో పెరిగిన కాడ్మియాన్నంతా గుల్లల ఖాతాలో వేసేస్తారు.

#14 · గుల్లతీరం

పాదరసం, రాగి గురించి రెండు ముక్కలు. పాదరసం మెట్టు మెట్టుకీ పోగయ్యేది. గుల్ల అడుగు మెట్టు మీద ఉంటుంది కాబట్టి సొర, ట్యూనాల కన్నా చాలా తక్కువ. జపాన్‌లోని మినమటాలో గుల్లలు కూడా విషమవడానికి కారణం, ఆ అఖాతంలోకి మిథైల్ పాదరసాన్నే నేరుగా వదలడం. జబ్బు 1956లో అధికారికంగా బయటపడితే, కారణాన్ని ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. అలాంటి మూలం లేని చోట గుల్లల్లో పాదరసం కోసం డబ్బు ఖర్చు పెట్టేకన్నా అదే డబ్బుతో ఇంకో గుంపు కాడ్మియం కొలవండి.

రాగికి ఒక గుర్తుంది. 1986లో తైవాన్ నైరుతి తీరంలో ఎర్జెన్ నది మొగ దగ్గర ఆయిస్టర్ల మాంసం ఆకుపచ్చగా మారింది. పైన నది ఒడ్డున తుక్కు లోహం కరిగించే పనుల నుంచి రాగి దిగింది. మాంసం అలా మారితే తినొద్దు, ఫోటోతో పాటు నమూనా పంపమని రాయండి. పచ్చ ఆల్చిప్ప చిప్ప రంగు మామూలే, అది చిప్పది. దాన్ని చూసి హడావుడి పడొద్దు.

అడక్కపోయినా ఇది చెబుతాను. సరిగ్గా ఉడకని గుల్ల చేసే హాని లోహాల కన్నా ముందు వస్తుంది. 1988లో షాంఘైలో అరకొరగా ఉడికిన రక్తపు గుల్లల వల్ల దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్-ఏ కామెర్లు వచ్చాయి. చిప్ప తెరుచుకోగానే దించకండి, ఇంకో నాలుగైదు నిమిషాలు ఉడకనివ్వండి.

#15 · మండపీత

ఎండు రొయ్యలు: నీళ్ళు పోతాయి, లోహం పోదు. పచ్చి రొయ్యలో గట్టి పదార్థం 22 శాతం, ఎండినదానిలో 82 అయితే అంకె 3.7 రెట్లవుతుంది. పచ్చి రొయ్య హద్దు 0.5ని ఎండుదానికి నేరుగా పెడితే అన్నీ ఫెయిల్ అయినట్టు కనిపిస్తాయి. ముందు గుణకంతో వెనక్కి తీసుకురావాలి. ఒంట్లోకి ఎంత వెళ్తుందో లెక్కేసేటప్పుడు మాత్రం ఎండుదాని అంకెనే ఎండు తూకంతో గుణించాలి, కూరకు 20 గ్రాములు పడితే 20 గ్రాములే. చిన్న రొయ్యలను తలతో ఎండబెడతారు, జీర్ణగ్రంథి ఉండేది తలలోనే. తల తుంచి, పొట్టు చెరిగి వేయించడం మన ఇళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, దాన్నే గట్టిగా చెప్పండి.

#16 · ఉప్పుటేరు

సర్వే ఫారంలో ఇప్పుడు పెట్టిన గడులు ఇవి: రకం, సైజు, తీసిన చోటు, ఉప్పదనం, కక్కించారా లేదా, తడి / పొడి, తేమ శాతం, ఏ భాగం, ఎవరు ఎంత తిన్నారు, వారానికి ఎన్నిసార్లు, వయసు, బరువు, పొగ, వంటగిన్నె. ఏమైనా వదిలేశామా?

#17 · ల్యాబ్_బల్ల

"ఎంత తిన్నారు" అన్న గడిని మూడుగా విడగొట్టండి: చిప్పతోనా, పచ్చి మాంసమా, ఉడికిన మాంసమా. జనం "కిలో గుల్లలు కొన్నాం" అంటారు. అందులో మాంసం పదో వంతు నుంచి ఐదో వంతే ఉంటుంది. ఉడికాక 100 గ్రాములు 65కి కుంగితే, ఉడికిన 65 గ్రాములను పచ్చి మాంసపు అంకెతో గుణించి లోహాన్ని మూడో వంతు తక్కువ చూపించేస్తారు. ప్రతి ఊళ్ళో ఒకసారి ఒక కిలో గుల్లలు తూచి, వలిచి తూచి, ఉడికించి తూచి ఆ మూడు అంకెలూ ఫారం పైన రాసుకుంటే చాలు. వంటింటి డిజిటల్ కాటా సరిపోతుంది, ప్లాస్టిక్ డబ్బా బరువు ముందే సున్నా చేసుకోవాలి.

ఇంకొకటి. యంత్రం పట్టలేనంత తక్కువుంటే రిపోర్టులో "కనబడలేదు" అని వస్తుంది. ఆ గడిలో సున్నా వేయొద్దు, గుర్తింపు హద్దు ఎంతో అడిగి అందులో సగం వేయండి. పక్కన చుక్క పెట్టండి, చదివేవాళ్ళకు అది కొలిచిన అంకె కాదని తెలియాలి.